ధ్రువీకృత భక్తుడు నూకరాజు

మా గోగులపాడు మదనగోపాలస్వామికి తన భక్తులెవరో తెలియడం లేదన్న సంగతి మొట్టమొదట కనిపెట్టినవారు మా దేవస్థానం ఈవో విశ్వమోహన్ గారు. అంతకుముందు ఈ లోపం ఎవరి దృష్టికీ రాలేదు. స్వామి దృష్టికి కూడా వచ్చినట్టు లేదు. ఆయన పిల్లనగ్రోవి పట్టుకుని, వచ్చినవాళ్ళందరికీ ఒకేలా కనపడుతూ నిలబడి ఉన్నారు.

"పరిపాలనాపరంగా ఇది చాలా తీవ్రమైన విషయం," అన్నారు ఈవో గారు, ఊళ్ళో పదిమందినీ మండపంలో కూర్చోబెట్టి. "నిజమైన భక్తుడూ, ఊరికే చూసిపోవడానికి వచ్చిన సందర్శకుడూ ఒకే వరసలో నిలబడుతున్నారు. సదరు ఉభయుల మధ్య వ్యత్యాసాన్ని నిర్ధారించే శాస్త్రీయ ఏర్పాటు మన దేవస్థానంలో నేటివరకూ లేకపోవడం విచారకరం."

ఆ ముందు వారమే ఆయన రాజధానిలో ఒక సదస్సుకి వెళ్ళివచ్చారు. అక్కణ్ణించి క్వాంటమ్ అనే మాట పట్టుకొచ్చారు. ఆ మాట మా ఊరికి మరీ కొత్తేమీ కాదు. అప్పటికే బస్టాండు ఎదురుగా క్వాంటమ్ ట్యుటోరియల్స్, దాని కింద క్వాంటమ్ డ్రైక్లీనర్సు వెలిశాయి. నా స్టీలు సామాన్ల కొట్టుకి కూడా ఆ పేరే పెడదామని మా అబ్బాయి తాతాజీ పోరుతూనే ఉన్నాడు. గిన్నెల్లో క్వాంటమ్ ఏముంటుందిరా అని నేనే ఆగాను.

ఈవో గారి పక్కన కిరీటి గారని ఒక డాక్టరు కూర్చున్నారు. రోగాల డాక్టరు కాదు, చదువు డాక్టరు. ఆయన తెచ్చిన యంత్రం పేరు క్వాంటమ్ న్యూరల్ నెట్‌వర్క్. అసలు యంత్రం నగరంలో ఒక గదిలో, మంచుకంటే ఎన్నో రెట్లు చల్లటి పెట్టెలో ఉంటుందట. మనకి ఇక్కడ కనపడేది ఒక కెమెరా, దానికింద ఒక పచ్చ బల్బు, ఒక ఎర్ర బల్బు. పచ్చది వెలిగితే భక్తుడు, ఎర్రది వెలిగితే సందర్శకుడు.

"మామూలు కంప్యూటరు ఔనంటుంది, లేకపోతే కాదంటుంది. ఇది అలా కాదు," అన్నారు కిరీటి గారు. "ఔనూ, కాదూ రెండూ ఒకేసారి దీని లోపల ఉంటాయి. మనం చూసినప్పుడే ఏదో ఒకటి తేలుతుంది."

మా అర్చకులు శ్రీమన్నారాయణాచార్యులవారు చాలా ఆనందించారు. "మా దగ్గరా అంతేనండి. తెర తీసేదాకా స్వామి ఏ అలంకారంలో ఉన్నాడో చెప్పలేం," అన్నారు.

ఈవో గారు ఉత్తర్వు చదివి వినిపించారు. ఇకమీదట ధ్రువీకృత భక్తులకే గర్భగుడి ముందు దర్శనం. వాళ్ళకే కళ్యాణకట్టలో తలనీలాలు ఇచ్చే అర్హత. సందర్శకులు ధ్వజస్తంభం దగ్గర నుంచి చూడవచ్చు, వాళ్ళకి దేవస్థానం అభ్యంతరం చెప్పదు.

యంత్రానికి భక్తి అంటే ఏమిటో ముందు నేర్పాలి కదా. అందుకని ఒక శుక్రవారం ఉదయం వందమందిని పిలిచారు. ఎన్నో ఏళ్ళుగా సుప్రభాతానికి హాజరవుతున్నవాణ్ణి గనక భక్తుల వైపు నన్నూ పిలిచారు. సందర్శకుల కోటా కింద బస్సు తప్పిపోయినవాళ్ళనీ, మార్నింగ్ షోకి టికెట్టు దొరకనివాళ్ళనీ పోగుచేసి తెచ్చారు. ఒకడు తక్కువైతే చెప్పుల స్టాండు దగ్గర నిలబడ్డ నూకరాజుని లాక్కొచ్చారు.

నూకరాజు గురించి చెప్పాలి. గుడికి రోజూ వచ్చేవాడు, ఆ మాటకొస్తే నాకంటే ఎక్కువసార్లు వచ్చేవాడు. అయితే చెప్పుల స్టాండు దాటి లోపలికి ఎన్నడూ వెళ్ళలేదు. పాత చెప్పులతో వచ్చి కొత్త చెప్పులతో వెళ్ళిపోయేవాడు. ఆ తర్వాత్తర్వాత మా మనవరాలి బుల్లి బూట్లు, అడుగేస్తే కీచుమనేవి, అవీ అక్కడే పోయాయి. నేనేమీ ఆరోపించడం లేదు. పోయాయి, అంతే.

అటెండరు ఒక పళ్ళెంలో పచ్చ చీటీలు, ఇంకో పళ్ళెంలో ఎర్ర చీటీలు సర్దిపెట్టుకున్నాడు. భక్తుడి చొక్కాకి పచ్చది, సందర్శకుడికి ఎర్రది గుచ్చి, కెమెరా ముందు నిలబెట్టాలి. సరిగ్గా అప్పుడే పోయిన కరెంటు వచ్చింది. పక్కనే ఉన్న స్టాండు ఫ్యాను ఒక్కసారిగా తిరిగింది. చీటీలన్నీ మండపమంతా ఎగిరిపోయి, జనం లేచి, ఎవరు ఎవరి వైపో తెలియకుండా కలిసిపోయారు.

మళ్ళీ వేరుచేద్దామన్నాడు అటెండరు. ఈవో గారు గడియారం చూసుకున్నారు.

"రాహుకాలం ముంచుకొస్తోందయ్యా! శుభమా అని ఇంత పెద్ద కార్యక్రమం రాహుకాలంలో మొదలుపెడతావా? చేతికి ఏది దొరికితే అది గుచ్చెయ్!"

నా చొక్కాకి ఎర్రది దొరికింది. నూకరాజుకి పచ్చది దొరికింది.

"అయ్యా, నాకు ఎరుపు వచ్చిందండి," అన్నాను.

"గంగరాజు గారూ, డేటాతో వాదించకూడదు," అన్నారు ఈవో గారు.

మర్నాడు అదే వందమందినీ పిలిచి యంత్రాన్ని పరీక్షించారు. ఈసారి చీటీలు లేవు. ఒక్కొక్కళ్ళం కెమెరా ముందు నిలబడ్డాం. పచ్చ చీటీ గుచ్చుకున్న ప్రతివాడికీ పచ్చ, ఎర్ర చీటీ గుచ్చుకున్న ప్రతివాడికీ ఎరుపు. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదు. నూటికి నూరు. నాదస్వరం మోగింది. నూకరాజుకి స్వామివారి శేషవస్త్రం కప్పారు. వాడు దాన్ని రెండుసార్లు తడుముకుని, నిజంగా తనకేనా అన్నట్టు అటూ ఇటూ చూశాడు.

నాకు ఒక చిన్న అనుమానం వచ్చింది. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. అయినా అడిగాను.

"అయ్యా కిరీటి గారూ, నిన్న చీటీలు తారుమారయ్యాయి కదండీ. ఆ తారుమారుని కూడా ఇది నూటికి నూరు అప్పజెప్పింది. మరి మా భక్తి చూసి చెప్పినట్టా, మా ముఖాలు బట్టీపట్టి చెప్పినట్టా?"

"అదేనండీ దీని గొప్పతనం!" ఆయన ముఖం వెలిగిపోయింది. "మామూలు యంత్రమైతే తడబడిపోయేది. ఇది చూశారా, తప్పుని కూడా ఒక్క తప్పు లేకుండా నేర్చుకుంది! దీని సామర్థ్యం ఎంతో మీరే ఊహించండి."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నాకు మాత్రం పట్టాభి గుర్తొచ్చాడు. బళ్ళో నా పక్కన కూర్చునేవాడు. గైడులో ఉన్న లెక్కలన్నీ జవాబులతో సహా బట్టీపట్టేవాడు. గైడులో అచ్చుతప్పు పడితే ఆ తప్పు జవాబే రాసేవాడు. మాష్టారు కూడా ఆ గైడులోంచే లెక్కలిచ్చేవారు గనక క్లాసులో ఎప్పుడూ వాడే ఫస్టు. పబ్లిక్ పరీక్షలో మామిడిపళ్ళ లెక్కకి బదులు నిమ్మకాయల లెక్క ఇచ్చారు. వాడు మామిడిపళ్ళ జవాబు రాసి వచ్చాడు. ఆ సంగతి కిరీటి గారికి చెబితే, "ఓహో, మీరు కొత్త డేటా మీద సాధారణీకరణ గురించి అడుగుతున్నారు," అన్నారు. ఈవో గారు కల్పించుకుని, "సాధారణీకరణ రెండో దశలో ఉంటుంది. ప్రస్తుతం మొదటి దశకే ఉత్తర్వులున్నాయి," అన్నారు.

రెండో దశ దానంతటదే వచ్చింది, ఆదివారం నాడు, జనంతో పాటు. ఆ వందమందీ కాక కొత్తవాళ్ళు వేలల్లో వచ్చారు. పొర్లుదండాలు పెడుతూ వచ్చిన ముసలామెకి ఎరుపు. ఐస్‌క్రీము తింటూ వచ్చిన కుర్రాడికి పచ్చ. ఆ ముసలామే చెంగు సర్దుకుని మళ్ళీ నిలబడితే పచ్చ, దణ్ణం పెట్టేసరికి ఎరుపు.

ఆచార్యులవారి సంగతి మరీ ఇబ్బందైంది. వందమందికి నేర్పేటప్పుడు ఆయన లోపల నైవేద్యం పెడుతున్నారు గనక యంత్రం ఆయన్ని ఎరగదు. ఎరుపు వచ్చిన రోజున ధ్వజస్తంభం దగ్గర నిలబడి మైకులో అష్టోత్తరం చదివేవారు. లోపల పువ్వులు వెయ్యడానికి మార్నింగ్ షో బ్యాచీలో పచ్చ వచ్చిన ఒకతన్ని పెట్టారు. పాపం, అతను మంచివాడే. ఎటు వెయ్యాలో తెలియక కొంచెం కంగారుపడేవాడు.

మరి ఈవో గారికి ఏ బల్బు వెలిగిందని మీరు అడగవచ్చు. అధికారులు డేటా కిందకి రారని అంతకుముందే ఉత్తర్వు ఉంది.

జనం గోల పెట్టారు. ఈవో గారు సమీక్షా సమావేశం పెట్టారు.

"నివేదిక సుస్పష్టంగా ఉంది. పాతవారి విషయంలో యంత్రం నూటికి నూరు. ఇబ్బందంతా కొత్తవారి వల్లే తలెత్తుతోంది. కాబట్టి లోపం యంత్రంలో లేదు, కొత్తవారిలో ఉంది. కొత్తవారు యంత్రానికి అనుగుణంగా మారవలసిన ఆవశ్యకతను దేవస్థానం గుర్తించింది."

ఎలా మారాలన్నది ఉత్తర్వులోనే ఉంది. కొత్తగా వచ్చేవారు ఇప్పటికే ధ్రువీకరించబడిన ఒక భక్తుడి రూపాన్ని ధరించి రావాలి.

వారం తిరక్కుండా కొబ్బరికాయల దుకాణాల్లో అట్టముఖాలు వేలాడాయి. పచ్చ చీటీ వచ్చిన మిగతావాళ్ళు తమ ముఖం అచ్చువేయించడానికి మొహమాటపడ్డారు. నూకరాజు పడలేదు. కొబ్బరికాయ, కర్పూరం, నూకరాజు ముఖం కలిపి ఒకే సంచిలో ఇచ్చేవారు. క్యూలో ముసలీ ముతకా, ఆడా మగా, అందరిదీ అదే ముఖం, అదే పక్కకి తిరిగిన చూపు. పచ్చ బల్బు ఆరకుండా వెలిగేది. సాధారణీకరణ సమస్య సంపూర్ణంగా పరిష్కారమైందని కిరీటి గారు ఏదో పత్రికకి వ్యాసం కూడా పంపారట.

చెప్పులు మాత్రం పోతూనే ఉన్నాయి. తీసినవాణ్ణి కళ్ళారా చూశానని ఒకాయన పోలీసు స్టేషనుకి వెళ్ళాడు. ముఖం ఎలా ఉందని అడిగారు. నూకరాజులా ఉందన్నాడు. ఎస్సై గారు కిటికీలోంచి క్యూ వైపు చూసి కాగితం మడిచి పెట్టేశారు.

ఇంతవరకూ నాకు పెద్ద కష్టం లేదు. ధ్వజస్తంభం దగ్గర నుంచి కూడా స్వామి కనపడతాడు. స్తంభానికి కుడివైపు నిలబడి కొంచెం వంగాలి. నలభై ఏళ్ళు దగ్గర నుంచి చూశాను, ఇప్పుడు దూరం నుంచి చూడమన్నాడేమోలే అనుకున్నాను. యంత్రానికి నాలో ఏం కనపడిందో అని ఒకటి రెండు రాత్రులు ఆలోచించుకున్నాను కూడా.

కష్టం మా మనవరాలి పుట్టువెంట్రుకలతో వచ్చింది.

మా అమ్మాయి హైమ కూతురు యశ్విత నెలలు నిండకుండా పుట్టింది. ఆసుపత్రిలో గాజుపెట్టెలో పెట్టారు. ఆ అద్దానికి ఇవతల నిలబడి మా ఆవిడ మంగతాయారు మొక్కుకుంది, పిల్ల బతికి బట్టకడితే పుట్టువెంట్రుకలు మదనగోపాలుడికే ఇస్తాను, ఇచ్చేదాకా కాఫీ ముట్టను అని. మంగతాయారుని ఎరిగినవాళ్ళకి ఆ మొక్కు ఎంత పెద్దదో తెలుస్తుంది. పొద్దున్నే డికాషన్ దిగే చప్పుడుకి లేచే మనిషి. పిల్ల బతికింది, పాకింది, నిలబడింది. పదకొండో నెల వచ్చింది. కాఫీ పొడి డబ్బా మూత తీసి వాసన చూసి మళ్ళీ పెట్టేస్తూ ఉండేది మా ఆవిడ. ఆ వారం దాటితే మూఢం. మూఢంలో శుభకార్యం చెయ్యరు. అది వెళ్ళేసరికి పిల్లకి రెండో ఏడు పడుతుంది, సరి సంవత్సరం పనికిరాదు, ఇక మూడో ఏడు దాకా ఆగాలి.

పిల్లని తీసుకుని వెళ్ళాం. ఎరుపు.

"సార్, చంటిపిల్లండి. సందర్శకురాలేంటండి?" అన్నాడు తాతాజీ, మేనమామ హోదాలో.

ఈవో గారు కాగితాలు తిరగేశారు. "పాప ఏ నెలలో పుట్టింది? ఆ... అదీ సంగతి. యంత్రానికి నేర్పిన నాటికి పాప ఊళ్ళో లేదు, ఆసుపత్రిలో ఉంది. వందమందిలో లేనివారిని దేవస్థానం ఎలా గుర్తిస్తుంది చెప్పండి?"

"పోనీ ఇప్పుడు నేర్పండి," అంది మంగతాయారు.

"అమ్మా, కొత్తవి నేర్పితే పాతవాటి నూటికి నూరూ దెబ్బతింటుందని డాక్టరు గారి అభిప్రాయం. రూపం ధరించి రండి. మైనర్ల విషయంలో, ఎవరి ఒళ్ళో కూర్చుంటే వారి హోదాయే వర్తిస్తుంది. క్షురకుడి పీట ఎదురుగా కూడా కెమెరా పెట్టించాం. కత్తి దింపేదాకా పచ్చ వెలుగుతూ ఉండాలి."

అట్టముఖం కొన్నాం. తాతాజీ పెట్టుకుని చేతులు చాచాడు. పిల్ల ఒక్క క్షణం చూసి గుక్కపట్టి ఏడ్చింది. ముఖం తీస్తే నవ్వింది. పెడితే ఏడ్చింది.

"మేనమామనే పోల్చుకోలేకపోతోందేంటే నీ కూతురు?" అన్నాడు తాతాజీ.

"పోల్చుకుంటోంది గనకే ఏడుస్తోంది," అంది హైమ.

ఆ మాట నిజమే. ఆ పిల్లకి మేం చూపించింది మా సందులో ఒకే ఒక్క ఎర్రావు. ఆ తర్వాత నల్లావుని చూసి అంబా అంది, దూడని చూసి అంబా అంది, పాలప్యాకెట్టు మీద బొమ్మని చూసి కూడా అంబా అంది. నేను కళ్ళజోడు మార్చినా, తలకి తువ్వాలు చుట్టినా తాతే. దానికి ఎవరూ వందమందిని చూపించలేదు. మంచుపెట్టె కూడా లేదు. ఇది ఎలా నేర్చుకుందో కిరీటి గారిని అడుగుదామనుకున్నాను గాని, ఆయన సన్మానాల్లో ఉన్నారు.

చివరి ముహూర్తం నాడు మంగతాయారు స్నానం చేసి, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని సంచిలో పెట్టుకుంది. ఇవాళ ఏదో ఒకటి తేలాలంది. గుడి దగ్గర దిగగానే తిన్నగా చెప్పుల స్టాండుకి నడిచింది.

"ఏమే, అటు ఎక్కడికే?" అని నేను అరుస్తూనే ఉన్నాను.

నూకరాజు స్తంభం చాటుకి తప్పుకోబోయాడు. "అమ్మగారూ, నేనేం తియ్యలేదండి బాబూ, ఇప్పుడే వచ్చానండి."

"తియ్యలేదులే. నీ ఒడి కావాలి."

"ఆయ్?"

"అట్టముఖానికి నా మనవరాలు ఏడుస్తోంది. అసలు ముఖం నీ దగ్గరుంది. మేనమామవై దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకో. ఇవాళ్టికి నువ్వు నా కడుపున పుట్టిన కొడుకువి."

తాతాజీ నా చెవిలో, "నాన్నా, నా మేనకోడలికి వీడు మేనమామ ఏంటి?" అన్నాడు. నూకరాజు నోరు కొంచెం తెరుచుకుని ఉంది. వాణ్ణి ఆ మాట అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ ఉన్నట్టు లేదు. పిల్ల వాడి ముఖం కేసి చూసి, చెవి పట్టుకుని లాగి నవ్వింది. అట్టముఖానికి భయపడ్డ పిల్ల అసలు ముఖానికి భయపడలేదు.

పచ్చ వెలిగింది. నేను ఎరుపు గనక కటకటాల బయట నిలబడి చూశాను. మొదటి కత్తెర మేనమామ వెయ్యాలి. నూకరాజు కత్తెర పట్టుకుని ఏ పాయ తియ్యాలో తడుముకున్నాడు. ఎన్ని జతలు తీసినా తడుముకోని చెయ్యి. బుల్లి జుట్టు పళ్ళెంలో పడింది. గుండుకి గంధం రాశారు. మంగతాయారు అక్కడే మెట్టు మీద చతికిలపడి ఫ్లాస్కు మూత తిప్పింది. ఒక గుక్క తాగి కళ్ళు మూసుకుంది.

"చల్లారిపోయింది," అంది. గ్లాసు ఖాళీ చేసేదాకా కళ్ళు తెరవలేదు.

నూకరాజు పిల్లని హైమకిచ్చాడు గాని పీట మీంచి లేవలేదు.

"నాక్కూడా తీసెయ్యన్నా," అన్నాడు క్షురకుడితో.

"నీకేం మొక్కురా?"

"ఉంది. తియ్యి."

తీశాడు. నూకరాజు గంధం గుండుతో, చేతులు జోడించుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి స్వామిని చూడ్డానికి లోపలి గేటు దగ్గరికి నడిచాడు. కెమెరా చూసింది. ఎర్ర బల్బు వెలిగింది.

మళ్ళీ నిలబడ్డాడు. ఎరుపే.

ఈవో గారు పరుగున వచ్చారు. ఆయన ముఖంలో అంత ఆందోళన నేనెప్పుడూ చూడలేదు. "ఎంత పని చేశావయ్యా! నీ రూపం మీద ఈ దేవస్థానం మొత్తం నడుస్తోంది! ధ్రువీకృత భక్తుడు తన పూర్వరూపాన్ని యథాతథంగా పరిరక్షించుకోవాలని తెలియదా?" అటెండరు వైపు తిరిగారు. "రేపటినుంచి కళ్యాణకట్ట మూసెయ్యండి. తలనీలాలిస్తే డేటా పాడైపోతోంది. ఇవాళ తీసిన ఇతని జుట్టు వేరు చేసి, విగ్గు కట్టించండి, దేవస్థానం ఖర్చుతో."

నూకరాజు తల అడ్డంగా ఊపాడు.

"వద్దండి బాబూ."

"ఏం? నీ జుట్టే కదా?"

"నాది కాదండి. స్వామికిచ్చేశాను. మళ్ళీ తీసుకుంటే దొంగతనం అవుద్ది."

ఈవో గారు దీనికి సంబంధించిన ఉత్తర్వు కోసం కాగితాలు తిరగేయడం మొదలుపెట్టారు. అటెండరు నూకరాజుని భుజం పట్టుకుని సందర్శకుల వైపు పంపించాడు.

వాడు వచ్చి ధ్వజస్తంభం దగ్గర నా పక్కన నిలబడ్డాడు. మా ముందునుంచి క్యూ కదిలింది. ఒకరి వెనక ఒకరు నూకరాజులు లోపలికి వెళుతున్నారు, ప్రతి ఒక్కరికీ పచ్చ వెలుగుతోంది. అసలువాడు కాసేపు వాళ్ళని చూశాడు. తర్వాత మునికాళ్ళ మీద లేచాడు.

"బాబాయ్ గారూ, ఇక్కణ్ణించి కనపడతాడా?"

"కనపడతాడు," అన్నాను, కొంచెం ఎడమకి జరిగి చోటిస్తూ. "ఇలా కుడిపక్కకి వచ్చి వంగు."